పెట్టె బాగుండాలన్నాడు

త్రిపురసుందరి సంచిలోంచి అట్టపెట్టె తీసి బల్ల మీద పెట్టి, చెయ్యి చప్పున వెనక్కి లాక్కుంది.

"ఇది మా అబ్బాయి గదిలో, అటక మీద దుప్పట్ల వెనకాల దొరికింది. సోమవారం పొద్దున్న మా ఆయన పోలీస్ స్టేషన్‌కి వెళ్తానంటున్నారు. సొంత కొడుకు మీద ఫిర్యాదు ఇవ్వడానికి."

ఈశ్వరి పెట్టె వైపు చూడలేదు. ఆవిడ ముఖం చూసింది. రెండు రోజులుగా తిండి, నిద్ర లేని ముఖం. శ్రీకాకుళం పాలకొండ రోడ్డులో ఈశ్వరి చాలా ఏళ్ళు పాత సామాన్ల కొట్టు నడిపింది. కుట్టుమిషన్లు, ఫ్రిజ్జులు, కంప్యూటర్లు కొని అమ్మింది. అమ్మేవాళ్ళు చెప్పే అబద్ధాలు, కొనేవాళ్ళు దాచే నిజాలు ఆ కొట్టులోనే నేర్చుకుంది. తర్వాత జనం మోసాల ఆరా కోసమే రావడం మొదలుపెట్టారు. అదే వ్యాపారమైంది. సామాను పోయింది కానీ, బల్ల అదే.

"మొదట్నుంచి చెప్పండమ్మా. ఏం పోయింది?"

"మా మామగారి ఫిడేలు. ఆయన పోయాక దాన్ని ఎవరూ వాయించలేదు. ఏడాదికోసారి, ఆయన తిథినాడు బయటికి తీస్తాం. బుధవారం తీద్దామని చూస్తే దాని పెట్టె ఉంది, లోపల ఫిడేలు లేదు. ఇల్లంతా వెతికాం. ఇది దొరికింది."

పెట్టె మీద మూడు ఫ్యాన్లున్న పెద్ద గ్రాఫిక్స్ కార్డు బొమ్మ మెరుస్తోంది.

"మా హరిచరణ్ ఆరు నెలలుగా కంప్యూటర్లోకి కొత్త కార్డు కావాలని అడుగుతున్నాడు. ఆటలు ఆడతాడు, ఆటలు తయారుచెయ్యడం కూడా నేర్చుకున్నాడు. వచ్చే నెల ఉద్యోగంలో చేరాలి. పోలీసు కేసు పడితే వాడినెవరు తీసుకుంటారండీ? తాత ఫిడేలు అమ్మి ఇది కొన్నాడని మా ఆయన తేల్చేశారు. వాడేమో ఇది నాది కాదంటాడు. ఇంకేం చెప్పడు."

"లోపల ఏముందో చూశారా?"

"ఎందుకు చూస్తాం? మా అన్నయ్య పెట్టె మీదున్న పేరు ఫోన్లో కొట్టి ధర చూశాడు. లక్ష దాటింది."

ఈశ్వరి మూత తీసి కార్డు రెండు చేతులతో ఎత్తింది. పక్కన నిలబడ్డ రాముడు ముందుకు వంగాడు. కొట్టు రోజుల్లో ఆటోలో సామాను చేరవేసినవాడు అతను. ఇప్పుడు ఆవిడ ఎక్కడికి వెళ్ళినా వెంట ఉంటాడు, ఆవిడ ఏం చెప్పినా నోరు తెరుచుకుని వింటాడు.

"అబ్బో, పొత్రమంత బరువున్నాదేటక్కా."

ఈశ్వరి ఒక ఫ్యాన్ వేలితో తిప్పింది. తిరగలేదు. స్క్రూల చుట్టూ పచ్చగా చిలుం పట్టింది. రేకుల మధ్య తెల్లగా పొడి. ఆ పొడిని గోటితో గీకి నాలుక కొసకు తాకించి చూసింది.

"ఉప్పు," అంది. "సముద్రం గాలి తిన్న కార్డు ఇది. ఎప్పుడో చచ్చిపోయింది."

త్రిపురసుందరి కళ్ళు తుడుచుకుంది. "అయితే వాణ్ణి ఎవరో మోసం చేసి అమ్మారా?"

"అదీ కావచ్చు. మీ ఇంటికి వస్తాను. అప్పటిదాకా ఈ సంగతి ఎవరికీ చెప్పకండి."

*

వాళ్ళ ఇల్లు అరసవల్లి వెళ్ళే దారిలో ఉంది. ముందు గదిలో చంద్రశేఖరం మాస్టారు చాప మీద కూర్చుని ఉన్నాడు. ఆయన తండ్రి అరసవల్లి సూర్యనారాయణ స్వామి సన్నిధిలో ఫిడేలు వాయించాడు. ఇప్పుడు ఈయనా అక్కడే వాయిస్తున్నాడు.

"మా ఆవిడ పిలిచింది కాబట్టి వచ్చారు. కూర్చోండి. నాకు మాత్రం అనుమానం లేదు."

"ఈ మధ్య మీరు ఊరు దాటి వెళ్ళారా?"

"ఎక్కడికి వెళ్తాను? మిగతా రోజులు ఇక్కడ పాఠాలు. ఆదివారం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా గుడిలో. జ్వరమొచ్చినా మానలేదు."

గుమ్మం దగ్గర నిలబడ్డ లావుపాటి మనిషి జగన్నాధం, త్రిపురసుందరి అన్నయ్య. ఫర్నిచర్ కొట్టు ఉంది.

"మీరు ఆ ఫిడేలుకి బేరం తెచ్చారట?"

"తెచ్చాను, కాదన్ను. విశాఖలో ఒక ఆసామి మంచి ధర ఇస్తానన్నాడు. బావ నన్ను గుమ్మం దాటనివ్వలేదు. వాయించని ఫిడేలు అటకెక్కించి ఏం లాభం? చెదలకా? ఒసే సుందరీ, నేను దొంగతనం చేసేవాణ్ణయితే బేరం ముందుగా చెప్పి చేస్తానా?"

"పాత పడవల చెక్క కొంటారట. ఎక్కడ?"

"కళింగపట్నం, భావనపాడు. చెక్క ఎక్కడ దొరికితే అక్కడ. అయితే?"

రాముడు ఈశ్వరి వైపు అర్థవంతంగా చూశాడు. ఆవిడ చూడనట్టే ఉంది.

మూడోవాడు ఉమాశంకర్. చిన్నప్పటి నుంచి ఆ ఇంట్లో ఫిడేలు నేర్చుకున్నాడు. మాస్టారి పక్కన కూర్చుని వాయిస్తాడు. మెత్తటి మాట.

"నేనేం చెప్పగలనండీ? హరి నాకు తమ్ముడి లాంటివాడు. కానీ వాడికి ఆ మిషన్ తప్ప ఇంకేం పట్టదు. పెద్ద మాస్టారు పోయేముందు 'ఫిడేలు మనవడిదే' అన్నారు. వాడు ఒక్కనాడు కమాను పట్టింది లేదు."

"మీకు బాధ కలిగిందా?"

"మాస్టారు బాధపడుతుంటే నాకు బాధ కాదా?"

"మీరూ ఆదివారాలు గుడిలోనేనా?"

"లేదండీ. ఆదివారం నౌపడలో పిల్లలకు పాఠం చెప్తాను. అక్కడ ఒక గది తీసుకున్నాను. మిగతా రోజులు మాస్టారి దగ్గరే."

చివరికి హరిచరణ్. గదిలో లైటు వెయ్యకుండా కూర్చుని ఉన్నాడు.

"ఆ కార్డు నీదేనా, బాబూ?"

"చెప్పాను కదండీ. ఎవరూ వినలేదు."

"నేను వినడానికే వచ్చాను. నీకు ఏ కార్డు కావాలనుకున్నావు?"

కుర్రాడు తలెత్తాడు. ఆరు నెలలుగా అడుగుతున్నా, ఏది కావాలని ఇంట్లో ఎవరూ తిరిగి అడగలేదు. లేచి కంప్యూటర్ పక్క రేకు తీశాడు. లోపల, కార్డు ఉండవలసిన చోట, మిఠాయి పెట్టె అట్టతో కోసిన ముక్క ఒకటి దూర్చి ఉంది. దాని మీద పెన్నుతో రెండు ఫ్యాన్లు గీసి ఉన్నాయి.

"కొనేముందు పడుతుందో లేదో చూసుకోడానికి కోసుకున్నాను. నా క్యాబినెట్ చిన్నది. ముందు హార్డ్ డిస్కుల అర అడ్డం. పవర్ సప్లై కూడా చిన్నదే. రెండు ఫ్యాన్లది, తక్కువ కరెంటు తీసుకునేదే సరిపోతుంది. దానికే జీతం వచ్చేదాకా ఆగుదామనుకున్నాను."

ఈశ్వరి సంచిలోంచి మూడు ఫ్యాన్ల కార్డు తీసి ఆ అట్టముక్క పక్కన పట్టింది. జానెడు పొడుగు ఎక్కువ.

"ఇది ఇందులో పట్టదు," అంది.

"పట్టదండీ. పట్టించినా నా పవర్ సప్లై మొయ్యలేదు. మిషన్ ఆగిపోతుంది. ఇది నాకు ఊరికే ఇచ్చినా వద్దంటాను."

"ఈ మాట మీ నాన్నతో చెప్పావా?"

"చెప్పడం మొదలుపెట్టాను. 'ధర నాకు తెలుసు' అన్నారు."

*

మర్నాడు రాముడు ఆ కార్డు పట్టుకుని ఊళ్ళో రిపేరు కొట్లన్నీ తిరిగాడు. బస్టాండు వెనక కొట్టు మెకానిక్ చూడగానే పోల్చుకున్నాడు. టంకం అతను పెట్టిందే. నిరుడు భావనపాడు నుంచి బాబీ అనే కుర్రాడు తెచ్చాడనీ, లాభం లేదని తిరిగిచ్చేశాననీ చెప్పాడు.

మధ్యాహ్నానికి ఇద్దరూ భావనపాడు చేరారు. బాబీ ఆటల సెంటర్ ఒడ్డుకు దగ్గర్లో ఉంది. ఒకటే గది, నాలుగు కంప్యూటర్లు. బయట ఎండు చేపల వాసన, లోపల తుపాకుల మోత. బాబీ తండ్రిది పడవ, తల్లిది చేపల బేరం. ఓడలో పనిచేసే అన్న తెచ్చిన కార్డు అది.

"ఆ కార్డా? సచ్చి ఏడాదైపోనాదక్కా. ఈ గాలికి ఏటీ ఆగదు. మొన్న ఒకాయనొచ్చి కొనుక్కెళ్ళిపోనాడు."

"ఏమని అడిగాడు?"

"పెట్టె ఉన్నాదా అనడిగినాడు. ఉన్నాది, పాలిథిన్ సుట్టి పైన దాసినానన్నాను. పెట్టె బాగుండాలన్నాడు, నలిగితే వద్దన్నాడు."

"కార్డు పని చేస్తుందా అని అడగలేదా?"

"అడగనేదు. నానే సెప్పినాను, బాబూ ఇది పెట్టుకున్నా బొమ్మ రాదని. పర్నేదన్నాడు. నాను సెప్పిన రేటు గీసి కూడా ఆడనేదు."

"బేరమాడనోడు మన జిల్లావోడు కాడేమో," అన్నాడు రాముడు.

"మాట ఇక్కడిదే మావా. మొకం సూడనేదు, హెల్మెట్ తియ్యనేదు కదా." బాబీ తన అరచెయ్యి చాపాడు. "డబ్బులు లెక్కెడతుంటే సెయ్యి సూసినాను. మా వోళ్ళకి తాడు లాగి లాగి ఇక్కడ కాయలుంటాయి. ఆయనకి అరిసేతిలో ఏటీ లేదు. ఎడం సేతి ఏళ్ళ కొసల్లో ఉన్నాయి, గాడి పడిపోయినట్టు. ఇదేటి పని సేత్తే వస్తాదా అనుకున్నాను."

"ఏ రోజు వచ్చాడు?"

"ఆదివారం. ఆదివారమే గది నిండా పిల్లలుంటారు. పక్కనున్న నౌపడ నుంచి కూడా వస్తారు. ఆల ముందే కొన్నాడు."

తిరుగుదారిలో టెక్కలి దాటాక రాముడు నోరు విప్పాడు.

"ఏళ్ళ కొసల్లో కాయలంటే ఫిడేలోళ్ళకే కదక్కా. జగన్నాధం గారు కాదు. మాస్టారే సేసినాడేటి? కన్నకొడుకు మీద?"

"రేపు సాయంత్రం అందర్నీ ఇంట్లో ఉండమను," అంది ఈశ్వరి. "బాబీని కూడా తీసుకురా."

*

ఆదివారం సాయంత్రం మాస్టారు గుడి నుంచి వచ్చాడు. ఉమాశంకర్ నౌపడ బస్సు దిగి నేరుగా వచ్చాడు. జగన్నాధం కుర్చీలో కూర్చున్నాడు. హరిచరణ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు, లోపలికి రాలేదు. మధ్యలో ఖాళీ ఫిడేలు పెట్టె, దాని పక్కన గ్రాఫిక్స్ కార్డు పెట్టె.

"నేను పాత సామాన్లు అమ్మినదాన్ని," ఈశ్వరి మొదలుపెట్టింది. "కొనేవాడు ముందు ఏం అడుగుతాడో దాన్నిబట్టి అతనికేం కావాలో తెలుస్తుంది. ఫ్రిజ్ కొనేవాడు చల్లబడుతుందా అంటాడు. కుట్టుమిషన్ కొనేవాడు తొక్కి చూస్తాడు. ఈ కార్డు కొన్నవాడు పెట్టె బాగుందా అని అడిగాడు. అతనికి కావలసింది పెట్టే. లోపలున్నది చచ్చిపోయిన కార్డు."

జగన్నాధం కార్డు పెట్టె తెరిచి చూసి మూసేశాడు.

"బతికున్నా ఇది హరిచరణ్ మిషన్లో పట్టదు. ఎంత పొడుగు పడుతుందో అట్ట కోసి కొలుచుకున్న కుర్రాడు జానెడు ఎక్కువున్నది కొనడు. ఇది కొన్నవాడికి అదేం తెలీదు. పెద్దది, ఖరీదైనది అయితే చాలు, చూసినవాళ్ళు నమ్ముతారనుకున్నాడు. నమ్మారు కూడా."

చంద్రశేఖరం తల వంచుకున్నాడు.

"కొన్నవాడు భావనపాడు వెళ్ళాడు. జగన్నాధం గారూ వెళ్తారు. కానీ ఆ మనిషి ఎడమచేతి వేళ్ళ కొసల్లో తీగ కోసిన కాయలున్నాయి. మీవి గణపతి ఉండ్రాళ్ళలాంటి వేళ్ళు."

"అందుకు సంతోషమే," అన్నాడు జగన్నాధం.

"ఇంట్లో ఫిడేలు వాయించేవాళ్ళు ఇద్దరే. అతను కొన్నది ఆదివారం. ఆదివారం మాస్టారు ఎక్కడుంటారో అరసవల్లి వచ్చే భక్తులందరికీ తెలుసు." ఈశ్వరి ఉమాశంకర్ వైపు తిరిగింది. "బాబీ బయట ఆటోలో ఉన్నాడు. నీ ముఖం చూడలేదు. చెయ్యి చూశాడు. పిలవనా?"

ఉమాశంకర్ ఎడమచెయ్యి అప్పటికే పిడికిలి అయింది. అది అందరూ చూశారు. అతనూ చూసుకున్నాడు. మెల్లగా తెరిచాడు.

"మా పిల్లలు చెప్పారు, బాబీ దగ్గర పెద్ద కార్డు పెట్టె ఉందని," అన్నాడు. "నేను ఫిడేలు అమ్మలేదు మాస్టారూ. ఒట్టు. నౌపడ గదిలో ఉంది. మీరు వాణ్ణి ఇంట్లోంచి పంపేస్తే, ఎప్పుడో ఒకనాడు తెచ్చి, కొని తెచ్చానని చెప్పి, మీ ముందు వాయిద్దామనుకున్నాను. పెద్ద మాస్టారు అది నాకివ్వాల్సింది."

"నువ్వు ఫిడేలు కొనాలంటే తీగ మీటి చూడకుండా కొంటావా?" ఈశ్వరి అడిగింది.

"కొనను."

"ఈ అబ్బాయీ అంతే. అది నీకు తట్టలేదు. వాడి పనిని నువ్వు పని అనుకోలేదు."

రాత్రికి రాముడు నౌపడ వెళ్ళి ఫిడేలు తెచ్చాడు. అక్కడి ఉప్పుగాలికి తీగలకు తుప్పు పట్టింది. పొట్ట అంచున అతుకు వెంట్రుకవాసి విచ్చుకుంది. బాగుచేస్తే బాగవుతుందట, కానీ నాదం అదే ఉంటుందో లేదో చెప్పలేనన్నాడు మాస్టారు. వాయించి చూడలేదు.

"ఫిర్యాదు రాస్తాను," అన్నాడు ఆయన, నేల చూస్తూ.

"నష్టపోయింది మీరొక్కరే కాదు," అంది ఈశ్వరి. "మీ అబ్బాయిని అడగండి."

హరిచరణ్ గుమ్మం దగ్గర్నుంచే మాట్లాడాడు.

"కేసు వద్దు. కానీ నేను దొంగనని వీధంతా తెలుసు. వచ్చే ఆదివారం గుడిలో శంకరన్నయ్య నీ పక్కన కూర్చోడు. ఎందుకు లేడని అందరూ అడుగుతారు. వాళ్ళకి నువ్వే చెప్పాలి నాన్నా. ఏం జరిగిందో, నువ్వేం నమ్మావో, రెండూ."

చంద్రశేఖరం తలెత్తి కొడుకు వైపు చూశాడు. "చెప్తాను," అన్నాడు.

ఉమాశంకర్ వంగి మాస్టారి పాదాలు తాకబోయాడు. ఆయన కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. అతను చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఈశ్వరి, రాముడు బయల్దేరుతుంటే మాస్టారు కొడుకు గదిలోకి వెళ్ళాడు. ఆ గదిలో ఆయన అడుగుపెట్టి ఎన్నాళ్ళయిందో. కంప్యూటర్ పక్క రేకు ఇంకా తెరిచే ఉంది. అట్టముక్క బయటికి తీసి, గీసిన రెండు ఫ్యాన్లను చూసి, ఫిడేలు తీగల కింద గుర్రం సర్దే నేర్పుతో మళ్ళీ దాని చోట్లో దూర్చాడు. ఎక్కడా తగలకుండా పట్టింది.

"ఇంతదేనా?" అన్నాడు.

"ఇంతదే నాన్నా."