చదువయ్యేదాకా ఉంటా

డిసెంబర్ వస్తే అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌ల ఇళ్లలో ఎవరికీ తిన్నది ఒంటబట్టదు. సీజన్ ముగుస్తుంది, ఎక్కడో ఎవరినో పీకేస్తారు, ఆ కుర్చీ కోసం దేశమంతా ఫోన్లు మోగుతాయి. ఆ శనివారం పొద్దున కూడా క్లేటన్ రస్క్ ఫోను చెవికి ఆనించుకుని మంచులో గరాజ్ ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు. పెనం మీద పాన్‌కేకులు తిప్పుతూ భార్య నోరీన్ కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఇంట్లో మాట్లాడకూడని మాటలేమిటో అని ఆమెకు లోపల పీకుతోంది. పాలు అయిపోతే కూతురికి పెనం అప్పగించి కొట్టుకు బయల్దేరింది.

కొట్లో బిల్లు వేసే డార్లా నోట్లో నువ్వుగింజ నానదు. మోంటానా రాష్ట్రంలో ఒక కాలేజీకి డబ్బులిచ్చే పెద్దమనిషి విమానం ఇందాకే మన ఊరి పక్కన దిగిందనీ, క్లేటన్ కోసమే వచ్చిందనీ జనం అనుకుంటున్నారట. ఇల్లెప్పుడు ఖాళీ చేస్తున్నారని కూడా అడిగింది. ఈ అభిమానులకు వేరే పనేముంది కనక! డిసెంబర్ అంతా ఎవరి విమానం ఎక్కడ దిగిందో ఫోన్లలో చూసుకుంటూ కూర్చుంటారు. నోరీన్ నవ్వి ఊరుకుంది. కారెక్కాక మాత్రం, మొగుడి సంగతి కిరాణా కొట్లో తెలుసుకోవాల్సిన ఖర్మేమిటని ఏడుపొచ్చింది.

క్లేటన్ చెడ్డవాడేం కాదు. ఆడే రోజుల్లో మోకాలు విరిగితే, దాదాపు జీతం లేకుండా ఆటల వీడియోలు కత్తిరిస్తూ, ఆఫీసు సోఫాలో పడుకుంటూ ఈ వృత్తిలోకి వచ్చాడు. ఒక చోట సహాయకుడు, ఇంకో చోట డిఫెన్స్ కోచ్. హెడ్ కోచ్‌ను తీసేసినప్పుడల్లా ఆయనతో పాటు కిందివాళ్లూ రోడ్డున పడేవారు. పిల్లి తన పిల్లల్ని తిప్పినట్టు పెళ్లాన్నీ కూతుర్నీ ఏడు ఊళ్లు తిప్పాడు. ఊరు మారినప్పుడల్లా నోరీన్ పాత కాలేజీ రంగు స్వెటర్లు చర్చికి ఇచ్చేసి కొత్త రంగువి కొనేది. కూతురు టెస్ అయితే విసిగిపోయి బూడిదరంగు చొక్కాలు తప్ప ఇంకేవీ వేయడం మానేసింది. ఇప్పుడా పిల్ల పదకొండో తరగతి, స్కూలు ఇంకా ఏడాదిన్నర ఉంది. ఇక్కడి కాలేజీలో సహాయక కోచ్‌గా ఈ అయోవా ఊరికి వచ్చేటప్పుడు, నీ చదువయ్యేదాకా నేనిక్కడే ఉంటానని తండ్రి ఆమెకు మాటిచ్చాడు.

నోరీన్ ఇంటికొచ్చి, తింటున్న తండ్రీకూతుళ్ల ముందు పాలసీసా పెట్టింది. "విమానం ఎన్నింటికి ఎగురుతుంది?"

క్లేటన్ ముఖం పాలిపోయింది. హెడ్ కోచ్ పదవి అన్నాడు. యాభై దగ్గరపడ్డాయి, ఇది పోతే మళ్లీ ఎవరూ పిలవరన్నాడు. మధ్యాహ్నంలోగా జవాబివ్వాలి, రేపు విలేకరుల ముందు తల్లీకూతుళ్లు ఆ కాలేజీ రంగు ఆకుపచ్చ బట్టల్లో తన పక్కన నిలబడాలి. అదీ పద్ధతి.

"నిన్న ఆ కుర్రాడింటికి వెళ్లావుగా, మన కాలేజీ జట్టులో చేర్పించడానికి. వాళ్లమ్మకేం చెప్పావు?"

"అందరం చెప్పేదే. మీవాడి చదువయ్యేదాకా నేనిక్కడే ఉంటానని."

"మోంటానా వాళ్లు అప్పటికే ఫోన్ చేశారా?"

అతను తల దించుకున్నాడు. చేశారు. అలా చెప్పకపోతే కుర్రాడు ఇంకో కాలేజీకి పోతాడు, ఈ వృత్తిలో చెప్పనివాడు లేడని గొణిగాడు.

టెస్ ఫోర్కు కింద పెట్టింది. "నాక్కూడా అదే చెప్పావు నాన్నా. ఆ మాటే. ఒక్క అక్షరం తేడా లేదు."

ఈ ఊరికి వచ్చేటప్పుడు క్లేటన్ టెస్ మంచం అంచున కూర్చుని, చెయ్యి పట్టుకుని, కళ్లలోకి చూస్తూ చెప్పాడు, ఊరూరా తల్లులకు చెప్పినట్టే. అన్నప్పుడు నిజంగానే అన్నాడు. ఆ తల్లులతోనూ అన్నప్పుడు నిజంగానే అన్నాడు, రెంటికీ తేడా లేదన్నదే ఇప్పుడతన్ని కోసేసింది. కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మోంటానా వాళ్లకు వద్దని చెప్పేస్తానన్నాడు.

"వద్దు," అంది నోరీన్. "రేపు ఆ పాపం మా మెడకు చుడతావు. నువ్వెళ్లు. నేనూ టెస్సూ దాని స్కూలయ్యేదాకా ఇక్కడే ఉంటాం. రేపు నీ పక్కన మాత్రం నిలబడం."

కోచ్‌ల పెళ్లాలు మామూలుగా అనే మాట కాదది. విమానమెక్కే ముందు ఆ కుర్రాడి తల్లికి నువ్వే చెప్పు, డార్లాలాంటి వాళ్ల నోట విననివ్వకు అని కూడా అంది. అతను పక్క గదిలోకి వెళ్లి ఫోన్ చేశాడు. ఆవిడ తిట్టిన తిట్లు ఫోన్లోంచి వంటింటి దాకా వినిపించాయి. అడ్డు చెప్పకుండా అన్నీ విన్నాడు.

సంచీ భుజాన వేసుకుని బయటికి నడుస్తుంటే టెస్ మేజోళ్లతోనే గుమ్మం దాకా వచ్చింది. ఏప్రిల్లో తన పరుగు పందేలున్నాయని చెప్పింది. చూపు మాత్రం నేల మీదే ఉంది.

"తప్పకుండా..." అన్నాడు క్లేటన్, అలవాటు కొద్దీ.

టెస్ అతని నోటి మీద చెయ్యి పెట్టింది. "చెప్పకు నాన్నా. వస్తే రా."

అతను కూతుర్ని గట్టిగా కావలించుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు. ఇన్నేళ్లలో మొదటిసారి, ఎవరికీ ఏ మాటా ఇవ్వకుండా ఒక గడప దాటాడు.