వెన్నెలకోనలో మెలకువ

తరళ మూడో చంద్రుడికి నీలం అద్దుతుండగా చిత్రంలో ఎవరో కదిలారు.

ఆ చిత్రంలోని వెన్నెలకోన ఆమె సృష్టే. ఈకల్లాంటి ఆకులున్న చెట్లు, గాలిలో తేలే చెరువులు, ఏనుగంత నత్తలు. నిద్రాలయంలో ఆమె ఉద్యోగి కాదు. ఇంట్లోనే కూర్చుని, వాళ్ళు అడిగినప్పుడల్లా గీసిస్తుంది. మందులేని జబ్బులవాళ్ళను, మందు కనిపెట్టేదాకా నిద్రాలయంలో నిద్రపుచ్చి ఉంచుతారు. తరళ తెరమీద గీసిందే వాళ్ళకు కల. ఆ కలలో తిరిగే మనుషులు ఆమెకు సన్నని పొగల్లా మాత్రమే కనిపిస్తారు.

ఇప్పుడు కదిలింది పొగ కాదు. ఆకుపచ్చ చీర కట్టుకున్న నడివయసు స్త్రీ. చెట్ల మధ్య నిలబడి సూటిగా తరళనే చూస్తోంది. తరళ గీయని ముఖం. కనుబొమ మీద పాత గాటు కూడా ఉంది.

ఆవిడ పెదవులు కదిలాయి. మళ్ళీ అలాగే కదిలాయి. తెరమీదికి వంగి చూస్తే అర్థమైంది: "దారేది?"

తరళ నిద్రాలయం పర్యవేక్షకుడు సూరపరాజుకు ఫోన్ చేసి ఆ ముఖం ఎలా ఉందో చెప్పింది.

"కోటిరత్నంగారండి ఆవిడ. ఒక్కోసారి ఇలా నిద్రలోంచి పైకి తేలతారు. చెరిపేయండి."

"చెరిపేస్తే ఆవిడకేమవుతుంది?"

"ఏం కాదండి. నిద్ర ఉంటుంది, కల ఉండదంతే."

"ఉత్త చీకట్లోనా? ఎన్నాళ్ళు?"

"మందొచ్చేదాకానండి."

"పోనీ లేపొచ్చుగా?"

"మందింకా రాలేదు కదండి. లేస్తే నాలుగు రోజులు కూడా బతకరు."

"ఆవిణ్ణి అడిగారా?"

"నిద్రపోయేవాళ్ళని ఎవరడుగుతారు మేడమ్?"

తరళ ఫోన్ పెట్టేసి చెరిపే కుంచె అందుకుంది. అది దగ్గరికొస్తున్నా కోటిరత్నం పారిపోలేదు. కళ్ళు మూసుకుని, చలికి సిద్ధపడే మనిషిలా కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది.

తరళ చెయ్యి ఆగిపోయింది.

కలల్లో బయటికి దారి గీయకూడదన్నది నిద్రాలయం కట్టడి. తరళ మట్టిరంగు తీసి, చెట్ల మధ్యనుంచి చిత్రం అంచుదాకా కాలిబాట గీసింది. కోటిరత్నం వంగి ఆ మట్టిని తాకి చూసింది. తర్వాత నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళి అంచు దాటింది.

కాసేపటికి ఫోన్ మోగింది.

"ఏం గీశారండీ?" అన్నాడు సూరపరాజు. "కోటిరత్నంగారు లేచి కూర్చున్నారు. కిటికీ తెరవమంటున్నారు. పక్క మంచాలవాళ్ళూ కదులుతున్నారు. అది చెరిపేయండి మేడమ్!"

తరళ తెరవైపు చూసింది. కోనంతటా పొగలకు ముఖాలొస్తున్నాయి. నత్తల వెనకనుంచి, చెరువుల అడుగునుంచి, మాటా పలుకూ లేకుండా వస్తున్నారు. కొందరు బాటను చూసి, తల అడ్డంగా ఊపి, చెట్లలోకే వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు దాని మొదట్లో ఒకరినొకరు ఒరుసుకుంటూ నిలబడి ఆమెనే చూస్తున్నారు.

ఫోన్‌లో అతను పిలుస్తూనే ఉన్నాడు. తరళ ఇంకాస్త మట్టిరంగు కలుపుకుని బాటను వెడల్పు చేయసాగింది.