బాగు చేయాలా, వద్దా

“దీనికి రిపేరు దండగ,” అన్నాడు ఓస్మెల్, ఫ్రిజ్ వెనక నుంచి తల పైకెత్తి. జుట్టు నిండా బూజు. “కంప్రెసర్ కాలిపోయింది. తలుపు రబ్బరు చీకిపోయింది. కొత్తది కొనుక్కోండి.”

“కొత్తది ఎక్కడ దొరుకుతుందో అడ్రసు కూడా చెప్పండి, వెళ్ళి తెచ్చుకుంటా,” అంది ఇదాల్మి.

ఓస్మెల్ చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. ఏ సరుకూ దొరకని మతాన్సాస్ ఊళ్ళో కొత్త ఫ్రిజ్ కొనగలిగినవాళ్ళు అతన్నెందుకు పిలుస్తారు? ఈ రష్యా ఫ్రిజ్ ఇదాల్మి కన్నా పదేళ్ళు పెద్దది. ఆమె బడిపంతులమ్మ జీతంతో ఇంకోటి ఈ జన్మలో రాదు.

“మెకానిక్కులంతా ఇలాగే మాట్లాడతారా, మీరొక్కరేనా?”

“వాళ్ళు అంతా విప్పదీసి, వారం తిప్పించుకుని చెప్తారు. నేను ముందే చెప్తున్నా.”

ముందుగదిలో ఊగుడు కుర్చీలోంచి ఆమె తండ్రి బసీలియో నవ్వాడు. నెలలుగా మంచంలోనో కుర్చీలోనో ఉంటున్న మనిషి. “కుర్రాడు బాగానే ఉన్నాడు తల్లీ, కసరకు. నా మందు సంగతి చెప్పు ముందు.”

అప్పుడు చెప్పింది. నాన్నకి రోజూ ఇన్సులిన్ పొడవాలి. ఈ ఎండల్లో అది చల్లగా లేకపోతే పాడైపోతుంది.

ఓస్మెల్ విప్పిన బోల్టులు ఒక్కొక్కటే మళ్ళీ బిగించాడు. “ఆ మాట గుమ్మంలోనే చెప్పాల్సింది. కంప్రెసర్ వెతుకుతా. అందాకా మందు చెడకుండా మంచుగడ్డలు తెస్తా.”

మర్నాడు పొద్దున్నే రేవులోని చేపల గోదాము నుంచి ఫ్లాస్కు నిండా మంచు తెచ్చాడు. ఆ మర్నాడూ తెచ్చాడు. వానలు పట్టుకున్నాయి. తడిసి ముద్దయి వచ్చేవాడు. బసీలియో వెళ్ళనిచ్చేవాడు కాదు. కాఫీ తాగుతూ ఇద్దరూ బేస్‌బాల్ గురించి వాదించుకునేవారు.

“మీ మంచు చేపల కంపు కొడుతోంది,” అనేది ఇదాల్మి.

“మీ కాఫీలో సగం శనగపిండే ఉంటోంది. నేనేమైనా అన్నానా?”

నవ్వు ఆపుకోవడానికి ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయేది. వంటింట్లో ఆ చచ్చిన ఫ్రిజ్ కనిపించగానే నవ్వు పోయేది.

నెల దాటింది. బ్రెడ్డు క్యూలో పక్కింటావిడ నియెవెస్ ఇదాల్మి చెవి దగ్గర చేరింది. “పిచ్చిదానా, కంప్రెసర్ దొరక్కపోవడమేంటే? రోజూ మీ ఇంట్లో కాఫీ తాగాలని సాగదీస్తున్నాడు. వీధంతా అనుకుంటోంది.”

ఆ మాట ముల్లులా దిగింది. మర్నాడు ఓస్మెల్‌ని గుమ్మంలోనే ఆపి అడిగేసింది. “మా నాన్న ప్రాణం మీకు సరదాగా ఉందా? కావాలని ఆలస్యం చేస్తున్నారా?”

అతని మొహం ఎర్రబడింది. ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప వేరే విద్య తెలియని మనిషి. “రోజూ ఇక్కడికి రావడం నాకిష్టం. అది నిజం. కంప్రెసర్ దొరకలేదు. అదీ నిజమే.”

మొదటి నిజం దగ్గరే ఆమెకి ఒళ్ళు మండింది. రెండోది చెవికెక్కలేదు. తలుపు వేసేసింది.

ఆ తర్వాత అతను తలుపు కొట్టలేదు. కానీ పొద్దున్నే తలుపు తీస్తే మెట్టు మీద ఫ్లాస్కు ఉండేది. ఖాళీ ఫ్లాస్కు ఆమె అక్కడే పెట్టేది. ఒక్క మాట లేకుండా పదకొండు రోజులు అలాగే గడిచాయి.

పన్నెండో రోజు మధ్యాహ్నం బసీలియో గుండె ఆగిపోయింది. కుర్చీలోనే, బేస్‌బాల్ ఆట వింటూ పోయాడు. “మందు లోపం కాదమ్మా, చివరిదాకా బాగా పనిచేసింది,” అని వీధి మూల క్లినిక్ డాక్టరమ్మ చెప్పింది. ఆ మాటకే ఇదాల్మి వెక్కివెక్కి ఏడ్చింది.

ఆయన పోయిన తొమ్మిదో రోజు ప్రార్థనలు అయ్యి చుట్టాలు వెళ్ళిపోయాక, జోరువానలో ఓస్మెల్ వచ్చాడు. భుజాన గోనెసంచి బరువుగా వేలాడుతోంది.

“కార్దెనాస్‌ ఊళ్ళో కంప్రెసర్ దొరికింది. కప్పు కూలిన ఇంట్లోంచి తీశారు. ముందే దొరికుంటే...” సంచి కింద పెట్టాడు. “అరగంట పని. బిగించి వెళ్ళిపోతా.”

“ఎవరి కోసం?”

“మీరు చల్లటి నీళ్ళు తాగరా?”

ఇదాల్మి అతన్ని వంటింట్లోకి తీసుకెళ్ళి ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేసింది. నెలన్నరగా దాన్ని బాగు చేయాలన్న ఒక్క ధ్యాసతోనే బతికింది. ఇప్పుడు తన ఒక్కదానికి అన్నం ఎంత వండుకోవాలో కూడా తెలియడం లేదు.

“మూలమీది క్లినిక్‌లో ఉన్నదీ ఇదే రకం. దానికీ కంప్రెసర్ పోయింది. మందులు పెట్టుకోలేక డాక్టరమ్మ నానా యాతన పడుతోంది. అక్కడ పెట్టండి.”

“మరి ఇది?”

“విప్పేయండి. పనికొచ్చేవి తీసుకెళ్ళండి. దండగన్నారుగా.”

“అప్పుడు తొందరపడి అన్నాను.”

“కాదు. నిజమే చెప్పారు. నేనే వినలేదు. ఆ రోజు గుమ్మంలో చెప్పిందీ వినలేదు.”

ఓస్మెల్ సంచి భుజానికెత్తుకుని గుమ్మం బయటికి నడిచాడు. చూరు నీళ్ళు మెడ మీద పడుతున్నా కదలక నిలబడ్డాడు. “అయితే ఇక ఈ ఇంట్లో నాకు పని లేనట్టే.”

“లేదు,” అంది ఇదాల్మి. “బాగు చేయాల్సింది ఏమీ లేదు. రేపు ఊరికే రండి.”