షట్టర్ తట్టే మనిషి

మండవల్లి దాటాక చేపల మేత గోడౌను ఒకటుంది. చీకటి పడితే అక్కడ ఆటోలు ఆపరు. లోపల ఒక ఆడమనిషి తిరుగుతుందట... పనివాళ్ల గుండెల మీద కూర్చుంటుందట. నిరుడు వానల్లో సుకుమార్ అనే కూలీ అందులోనే పోయాడు. శవం పాలిపోలేదు. బుగ్గలు ఎర్రగా, ఇప్పుడే నవ్వినట్టు—

"ముద్దుపెట్టి తీసుకుపోయింది" అన్నారు జనం.

అప్పటినుంచి యజమాని ఒక కట్టడి పెట్టాడు. పొద్దుగూకితే షట్టర్ దించాలి. కింద సందులో తడి గోనెలు కుక్కాలి. లోపల నిప్పుల కుంపట్లో సాంబ్రాణి వెయ్యాలి. బయట ఎవరైనా పిలిస్తే మూడోసారి దాకా పలకకూడదు.

ఇదంతా అక్కడ మూటలు కుట్టే దానమ్మ చెప్పింది. ఈ మధ్య నాకు విన్న మాటలు గుర్తుండటం లేదు, అందుకే ఆవిడ చెప్పిన వరసలోనే చెప్పేస్తున్నాను.

ఆ రాత్రి వాన. కరెంటు పోయింది. తడుస్తుందని జనరేటర్ లోపలే పెట్టి నడిపారు. ఉన్నది దానమ్మ, జావీద్.

"అక్కా... తల పగిలిపోతోంది."

"మీ ఆవిడ వంట తిన్నావు కదరా, తల కాక ఏం పగుల్తుంది?"

జావీద్ నవ్వబోయి కూలబడ్డాడు. దానమ్మకీ కాళ్లు తేలిపోతున్నాయి.

"వచ్చేసిందిరా..." అని ఇంకాస్త సాంబ్రాణి వేసింది.

అప్పుడు— షట్టర్ మీద దబదబా చప్పుడు.

"దానమ్మక్కా! తలుపు తియ్యండక్కా!"

"మా ఆవిడ సాజిదా గొంతే" అన్నాడు జావీద్. రాత్రికి అన్నం తెస్తానంది.

"గొంతులు మార్చుకుంటుందిరా... పలక్కు" అని దానమ్మ సందులో ఇంకో గోనె కుక్కింది.

రెండోసారి పిలిచింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు.

మూడోసారి పిలిచేసరికి... పలకడానికి ఎవరికీ నోరు రాలేదు.

సాజిదా పరుగున వెళ్లి లారీ డ్రైవర్లను తెచ్చి షట్టర్ పగలగొట్టించింది. గోనెల దగ్గర పడిన దానమ్మకు ఊపిరుంది. కుంపటి పక్కన జావీద్... బుగ్గలు ఎర్రగా.

ఏలూరులో డాక్టరు చెప్పాడు: "దెయ్యం కాదమ్మా. మూసిన చోట ఇంజన్ నడిచినా, బొగ్గులు కాలినా కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి రంగుండదు, వాసనుండదు. ఒళ్లు ఎర్రబడేదీ దానివల్లే. జనరేటరూ కుంపటీ బయటపెట్టి, షట్టర్ తీసి ఉంచితే ఎవరూ పోరు."

దానమ్మ ఆ మాట యజమానితో చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. మర్నాడు రెండో కుంపటి తెప్పించాడు.

దానమ్మ పని మానేసింది. ఇప్పుడక్కడ కొత్త కూలీలు. పాతవాళ్ల మాట వాళ్లకూ చేరింది— ఆ ఆడమనిషి ఇప్పుడు లోపల లేదట, బయటికొచ్చిందట.

నిజమే. చీకటి పడగానే సాజిదా వెళ్లి షట్టర్ తడుతుంది.

"తలుపు తియ్యండయ్యా... మీకు దండం పెడతాను, తియ్యండి..."

లోపల ఇంజన్ మోత. దాని కింద, సన్నగా గుసగుస—

"అదేరా... ఇంకో గోనె కుక్కు."