సేవ్ కాని అయిదో సిస్టం

గూడెం టౌన్లో రైసుమిల్లుల వెనక వీధి కంప్యూటర్ సెంటరుకి చీకటి పడ్డాక రమ్మంటే వస్తారు. అయిదో సిస్టం దగ్గర కూర్చోమంటే మాత్రం... కూర్చోరు. ఆ కుర్చీలో నేర్చుకున్న కుర్రాడు కొల్లేట్లో పడవ తిరగబడి పోయాడంట. అప్పట్నుంచీ దాన్లో రాసింది సేవ్ చెయ్యబోతే, ఓ పట్టాన వదలదంట...

మిగతావి ఖాళీ దొరక్క కొల్లేటికోట అమ్మాయి అఖిల ప్రాజెక్టంతా అందులోనే రాసింది. ఎనిమిదింటికల్లా పంపకపోతే ఏడాది పోయినట్టే. ఏడున్నరకి సేవ్ నొక్కింది. తెర బిగుసుకుపోయింది.

గది ఊడుస్తున్న వీరదుర్గతో, అక్కడ పాఠాలు చెప్పే హేమంత్‌కుమార్ సారుని పిలుచుకొస్తాననీ, ఈలోగా ఆ సిస్టం స్విచ్చి కట్టేస్తే రాసిందంతా పోతుందనీ చెప్పి మెట్లు దిగి పరిగెత్తింది.

వీరదుర్గ ఒక్కతే మిగిలింది. చదివింది అయిదో తరగతి. నలుగుర్లో నోరు విప్పి ఎరగదు.

తెర మీద ఓ పక్కన సన్నటి పట్టీలో — ఎవరూ ముట్టుకోకుండానే — తెలుగు అక్షరాలు దిగాయి.

'గాలి అందుతోందా చూడు.'

కాసేపటికి ఇంకోటి...

'నీళ్ళు తగ్గించు.'

పారిపోదామంటే, పిల్ల తనకి ఒప్పజెప్పి వెళ్ళిందాయె. మళ్ళీ —

'తేలినవి లెక్కపెట్టు.'

చీపురు గుండెకి హత్తుకుంది. చాలాసేపు ఏమీ లేదు. ఆ తరవాత ఒకే ఒక్క మాట...

'ఆపు.'

చెయ్యి స్విచ్చి మీదికి పోయింది. నొక్కితే పీడ వదులుతుంది... పిల్ల ఏడాదీ పోతుంది. అయినా అడక్కుండా పరాయి వస్తువు ముట్టుకోవడం ఆమెకి చేతకాదు. ఎంత దెయ్యమైనా చదువుకున్నవాడాయె. తెర వైపు వంగి అడిగింది.

"ఏవండీ... ఏది ఆపమంటారండీ?"

"పక్కనున్న ఆ పట్టీని," అంది వెనకనించి మగ గొంతు.

వీరదుర్గ రెండో చేతిలో చీపురు కింద పడింది.

వచ్చింది హేమంత్‌కుమార్. వెనకే ఆయాసపడుతూ అఖిల. ఆ పిల్ల రాసింది చేపల చెరువు ప్రోగ్రామంట. గాలి చూడ్డం, నీళ్ళు తగ్గించడం, చచ్చి తేలిన చేపలు లెక్కపెట్టడం, మోటారు ఆపడం... వాళ్ళ నాన్నకి అర్థమవ్వాలని ఒక్కో పనికీ తెలుగులో పేరు పెట్టిందంట. ఆ పేర్లన్నీ పక్కన చూపించడానికి ఎవరో ప్రోగ్రాం రాసే ఎడిటర్‌కి ప్లగిన్ అనే ఓ అదనపు ముక్క తగిలించారు. సేవ్ నొక్కినప్పుడల్లా అది ఫైలంతా మొదట్నుంచీ వెతికి పేర్లు ఏరుకుంటుంది. అది అయ్యేదాకా సేవ్ అవ్వదు.

ఆయన ఆ ప్లగిన్ తీసేశాడు. ఈసారి సేవ్ రెప్పపాటులో అయిపోయింది. ఎనిమిదికి నాలుగు నిమిషాలుందనగా అఖిల ప్రాజెక్టు పంపేసింది.

అప్పుడు చూసింది... వీరదుర్గ చెయ్యి ఇంకా స్విచ్చి మీదే ఉంది.

"పిన్నిగారూ, నొక్కేసేవారా?"

వీరదుర్గ తల వంచుకుంది.

"అందులో ఉన్నాయన ఊ అంటే... నొక్కేసేదాన్నేనమ్మా."