డాబా మీది తీగ

మా అక్క ఇస్త్రీ దుకాణంలో పని చేసేది. సాయంత్రం తను ఇంటికొస్తే వేడి బట్టల వాసన కూడా వెంట వచ్చేది. ఆ వాసనంటే నాకు ప్రాణం. దుకాణంలో చోటు చాలక, ఉతికిన చొక్కాలు కొన్ని మా డాబా మీద ఇనప తీగకి ఆరేసేది.

ఒకరోజు రేడియోలో ఒక పెద్దాయన, కాలం గుండ్రంగా తిరుగుతుందని, జరిగిందే మళ్ళీ మళ్ళీ జరుగుతుందని, మనకే గుర్తుండదని చెప్పాడు. నేను కళ్ళు మూసుకుని విన్నాను. అక్క మాత్రం, "అయితే ఈ చొక్కాలన్నీ మళ్ళీ నేనే ఇస్త్రీ చెయ్యాలా? నా వల్ల కాదమ్మా," అంది. అమ్మ కూడా నవ్వింది.

ఆ వానాకాలంలోనే, సందెవేళ చినుకులు మొదలైతే, చొక్కాలు తేవడానికి అక్క పైకి వెళ్ళింది. ఆ తీగలోకి కరెంటు ఎలా వచ్చిందో ఎవరికీ అంతుపట్టలేదు. పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే ఉండిపోయింది.

నాన్న ఆ తీగ కోసి పారేసి ప్లాస్టిక్ తాడు కట్టాడు. నేను మాత్రం ఆ పెద్దాయన మాట నిజం కావాలని రోజూ కోరుకున్నాను. ఆ సాయంత్రం ఒక్కసారి తిరిగొస్తే చాలు. ఈసారి ఆపుతాను.

మొన్న అమ్మా నాన్నా బయటికి వెళ్ళారు. ఇంట్లో నేనొక్కదాన్నే. వాన మొదలైంది. కరెంటు పోయింది. తడిసిన గోడల వాసన మధ్య మెల్లగా ఇంకో వాసన... వేడి బట్టలది. పైన సన్నగా, జుమ్మని... లేని తీగ మోగుతోంది.

మెట్ల దగ్గర అక్క నిలబడి ఉంది. ఆ రోజు చీరే.

"చొక్కాలు తడిసిపోతాయే," అంది గుసగుసగా.

అడ్డం వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. ఇప్పుడే ఇస్త్రీపెట్టె దించి వచ్చినట్టు వెచ్చగా ఉంది. వదల్లేదు.

"వెళ్ళకక్కా... తడిస్తే తడవనీ."

అక్క నా చెంప నిమిరింది.

"నేను ఆగిపోయిన సాయంత్రాలూ ఉన్నాయే పిచ్చీ. అప్పుడు చొక్కాల కోసం నువ్వెళ్ళావు."

"ఎప్పుడు?"

"చాలాసార్లు. నిన్ను కిందికి మోసుకొచ్చింది నేనే." మెట్ల పైకి చూసింది. "ఇంక నా వల్ల కాదమ్మా."

నా వేళ్ళు వదులయ్యాయి. నేనే వదిలానో... తనే విడిపించుకుందో...

మెట్ల మీద అడుగులు. ఒకటి. ఇంకొకటి. తీగ మోత ఒక్కసారి పెరిగి... ఆగిపోయింది. తర్వాత వాన చప్పుడే.

అమ్మా నాన్నా వచ్చేసరికి నేను మెట్ల మీదే కూర్చుని ఉన్నాను. నాన్న పైకెళ్ళి చూసొచ్చాడు. ఉత్త తాడు తప్ప ఏమీ లేదన్నాడు. లైటు వెలిగింది. నన్ను లేపబోయి అమ్మ నా చెయ్యి పట్టుకుంది. తిప్పి వెలుగులో చూసింది.

అరచేతికి అడ్డంగా నల్లటి గీత. తీగంత సన్నం.

"ఎప్పుడు కాలిందే ఇది? నాతో చెప్పనేలేదు," అంది అమ్మ, వేలితో తడుముతూ. "ఎప్పుడో మానిపోయిన మచ్చ."

నేను ఆ తీగని ఎప్పుడూ ముట్టుకోలేదు.