టైలర్ తీసుకోని కొలత

"ఆ టేపు గిట్లియ్యి," అన్నది నౌరీన్.

నవీద్ మెడల వేలాడే టేపును గట్టిగ పట్టుకున్నడు. హాలియా బస్టాండు దగ్గర పదేండ్ల సంది బట్టలు కుడుతున్నడాయె, ఊర్ల సగం మంది మొగోళ్ల నడుములు ఆ టేపుకు ఎరుకే. ఇంకొకరు ముట్టుకుంటె పడదు. అయితే ఏం జేస్తడు పాపం, పొద్దుగాల కత్తెర కింద పడితె ఒంగిండు, ఒంగినోడు మళ్ల లేవలే. దాదీ, అంటె నాయనమ్మ, గులాబ్‌బీ ఆటోల ఏసుకొని దవాఖానకు తెచ్చింది. నడుము నొప్పులకు కసరత్తులు నేర్పే డాక్టరమ్మ నౌరీన్ గంటసేపు కాపడం పెట్టినంక, ఇగో ఇప్పుడు గోడ పట్టుకొని నిలబడ్డడు.

నౌరీన్ నడుము చుట్టు టేపు తిప్పింది. "నలభై రెండు."

"తప్పు మేడం. నాది ముప్పై ఆరు."

"ఎప్పుడు చూసుకున్నవు?"

"దుకాణం పెట్టిననాడు."

అదీ సంగతి. ప్యాంటు బిగుతైనప్పుడల్ల కుట్టు విప్పి అరంగుళం వదులు చేసుకునెటోడు. వేరేటోళ్లకైతే లావైనవని టైలరు చెప్తడు. టైలరుకు ఎవరు చెప్తరు?

భుజాలు ఒక పక్కకు ఒంగినయా చూడాలెనని భుజం, ఛాతీ, చేతుల పొడుగు గూడ కొలిచి కార్డు మీద రాసుకున్నది. నవీద్ సిగ్గుతోని గోడమీది క్యాలెండర్ దిక్కే చూసిండు.

"కడుపు ముందలికి గుంజుతాంటె నడుమెట్ల ఆగుతది? పైకెల్లి పొద్దంత మిషన్ మీద ఒంగి కూసుంటవు. పది కిలోలు తగ్గాలె. అరగంటకొకపారి లేచి నాలుగడుగులెయ్యి. పొద్దున కాలువ కట్ట మీద నడువు."

"నెల రోజులు పండుకుంటె తగ్గదా మేడం?"

"పండుకుంటె ఇంకింత బిగుసుకుంటది. మళ్లొకపారి గిట్ల పడ్డవనుకో, మిషన్ ముచ్చట మర్చిపోవాలె."

ఆ మాటకు నవీద్ మొఖం తెల్లబోయింది. మిషన్ తప్ప ఇంకో పని తెల్వదు ఆయనకు.

"మేడం అనకు, నాకంటె పెద్దోనివి," అన్నది నౌరీన్ కార్డు ఇచ్చుకుంట.

"ఎంత పెద్దోన్ని?"

"నలభై రెండంగుళాలు."

నడుము నొప్పితోని నవ్వితె ఎంత కష్టమో నవీద్‌కు ఆనాడు తెలిసింది.

తెల్లారి నుంచి కాలువ కట్ట పట్టిండు. వారం తిరిగినంక ఒకనాడు నౌరీన్ గూడ ఆడికే నడువనీకి వచ్చింది. నవీద్ వంతెన కాడ మిర్చి బజ్జీల పొట్లం పట్టుకొని నిలబడ్డడు.

"ఇవి ఎవరికి?"

"కాలువల చేపలకు."

"చేపలు చట్నీ గూడ తింటయా?"

ఆ పొట్లం ఆమెనే తినేసింది. ఆనాటి సంది ఇద్దరు జతగ నడుసుడు మొదలువెట్టిండ్రు. వానొస్తె ఒక్క గొడుగు కిందికి వచ్చెటోళ్లు, సగం సగం తడిసెటోళ్లు. దుకాణంల అరగంటకొకపారి ఫోన్ల అలారం మోగుడు, నవీద్ లేచుడు. దాదీ జొన్న రొట్టెలు రెండే పెట్టి గిన్నె దాచిపెట్టేది. మూడు నెలల్ల ఏడు కిలోలు తగ్గిండు.

గప్పుడే ఒకనాడు నౌరీన్ దుకాణానికి నీలం బట్ట తెచ్చింది, కొలతల చిట్టీతోని.

"కుర్తా కుట్టాలె. మంచిగ రావాలె."

"ఎవరికి?"

"నేను చేసుకుందామనుకున్నోనికి."

నవీద్ చిట్టీ దిక్కు చూసిండు. భుజం పద్దెనిమిది, చేయి ఇరవై నాలుగున్నర. ఎవడో గని మంచి పొడుగరి, అనుకున్నడు. మూడు రోజులు నడువ పోలే. అలారం మోగితె ఆపేసిండు. కుట్టుడైతే అంత ముద్దుగ ఎన్నడు కుట్టలే. నడుము మాత్రం మళ్ల సలుపుడు షురువైంది.

నాలుగోనాడు నౌరీన్ వచ్చి, "తొడుక్కో," అన్నది.

"కస్టమర్ల బట్టలు మేము తొడగం. ఉస్తాద్ నేర్పిన మాట."

"కస్టమరే తొడుక్కోవాలె గద మరి."

నవీద్ బీరిపోయిండు. ఊరందరి కొలతలు పుస్తకంల రాసెటోనికి ఆ పుస్తకంల తన పేరు మీద ఒక్క పేజీ లేదు. దవాఖాన కార్డు చూసి ఆమె రాసుకొచ్చినయి తన కొలతలే అని ఎట్ల గుర్తుపడ్తడు?

తొడుక్కున్నడు. భుజం సరిపోయింది, చేయి సరిపోయింది. కడుపు కాడనే గట్టిగ పట్టుకున్నది.

"కడుపు కొలత పది కిలోలు తగ్గినంక ఉండేది రాసిన. ఇంకా మూడు కిలోలున్నయి," అన్నది నౌరీన్. "నేను ఆగుత. నీ కార్డు నిన్ననే వేరే డాక్టరుకు ఇచ్చిన. పేషెంటుతోని గిట్ల మాట్లాడొద్దు."

"నేను మూడు నెలల సంది చెప్పాలనుకుంటున్న," అన్నడు నవీద్.

"చెప్పు మరి, బేరగాళ్లు రాకముందె."

చెప్పిండు. ఏం చెప్పిండో మనకెందుకు.

గులాబ్‌బీ నవీద్‌ను ఎంటవెట్టుకొని సంబంధం మాట్లాడనీకి పోయింది. నౌరీన్ వాళ్ల బాపు లియాఖత్ అలీ ఇనుప సామాన్ల దుకాణపాయన, కుర్చీ నిండ మనిషి. అన్నీ విన్నడు.

"పిల్లోడు మంచోడే అమ్మా. గని నడుము పోయినోడని బజార్ల అంటున్నరు. రేపు మిషన్ మీద కూసోలేకపోతె నా బిడ్డ గతేంది?"

నవీద్ తలెత్తిండు. "చాచా, పొద్దున కాలువ కట్టకు రాండ్రి. చూసినంకనే చెప్పుండ్రి."

తెల్లారి లియాఖత్ అలీ స్కూటర్ మీద వచ్చిండు. పిల్లోడు వంతెన దాటి పోతాంటె ఆగలేక, దిగి ఎన్కనే నడిచిండు. కిలోమీటరు గాకముందె ఆయాసం. నడుము మీద చెయ్యేసుకొని రాతి మీద కూలబడ్డడు.

నవీద్ ఉరికొచ్చి చెయ్యి అందిచ్చిండు.

"నీకు నొయ్యలేదా?"

"లేదు చాచా. మూడు రోజులు మానేస్తె నొచ్చింది, మళ్ల నడిస్తె పోయింది."

పెద్దాయన తన నడుము ఒత్తుకున్నడు.

"నాకు పదేండ్ల సంది నొస్తాంది. ఇంట్లనే డాక్టరున్నది. ఒక్కనాడు దాని మాట వినలే. నువ్వు విన్నవు." గడ్డం గోక్కున్నడు. "రంజాన్ ఎన్క నికాహ్ పెట్టుకుందాం. గంతదాంక రోజు నన్ను గూడ లేపుకపో. ఆయాసపడ్డనని దానికి మాత్రం చెప్పకు."

"చెప్పను చాచా."

"చాచా ఏంది ఇంక?"

నవీద్‌కు అబ్బా అని పిలిచే బాపు చిన్నప్పుడే పోయిండు. ఆ పిలుపు నోటికి రాక శానేండ్లాయె. పెద్దాయనను మెల్లగ లేపి, చెయ్యి ఇడువకుంట, "నడువుండ్రి అబ్బా," అన్నడు.